ఎవరీ గుగులోత్ సౌమ్య? నిజామాబాద్ తండా నుంచి క్రొయేషియా దాకా.. తెలంగాణ అమ్మాయి ఫుట్‌బాల్ ప్రయాణం ఇదీ!

మెస్సీ ఉప్పల్‌కి వచ్చిన రోజు గుర్తుందిగా? 2025 డిసెంబర్ 13. సీఎం రేవంత్ రెడ్డి కూడా జెర్సీ వేసుకుని గ్రౌండ్‌లోకి దిగారు. ఆ రాత్రంతా ఫోన్లలో అవే రీల్స్. బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో ఏ పిల్లాడిని ఆపి అడిగినా మెస్సీ, రొనాల్డో, ఎంబాపె పేర్లు గడగడా చెప్పేస్తాడు. మరి అదే ఏడాది దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఎవరికొచ్చింది అని అడిగితే? చాలామంది తల గోక్కోవాల్సిందే.

ఆ అవార్డు అందుకున్నది గుగులోత్ సౌమ్య. ఊరు నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా. యూరప్‌లో ఓ సీజన్ ఆడి వచ్చింది. తిరిగొచ్చాక కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు లీగ్ టైటిల్ తెచ్చిపెట్టిన గోల్ కొట్టింది.

విదేశానికి వెళ్లడం అంటే మన దగ్గర ఒకటే లెక్క. వెళ్లారంటే గెలిచినట్టు, తిరిగొచ్చారంటే ఓడినట్టు. సౌమ్య కెరీర్ చూస్తే ఆ లెక్క ఎంత తప్పో అర్థమవుతుంది.

ఇందూరు గడ్డ.. ఆటల అడ్డా

నిజామాబాద్‌కు పాత పేరు ఇందూరు. ఆటల్లో ఆ జిల్లా అమ్మాయిల లిస్టు చిన్నదేం కాదు. 13 ఏళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణది ఆ జిల్లానే. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ కొట్టి, 2023లో ఢిల్లీలో మళ్లీ కొట్టిన నిఖత్ జరీన్‌దీ ఆ జిల్లానే. హాకీలో ఎండల సౌందర్య కూడా అక్కడి అమ్మాయే. సౌమ్య ఆ వరుసలో వచ్చిందే. అయితే ఒక తేడా ఉంది. బాక్సింగ్‌లో ఒక్కరే రింగ్‌లోకి దిగుతారు. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది కావాలి, ఎదుట ఇంకో పదకొండు మంది కావాలి, ఏడాది పొడవునా మ్యాచ్‌లు పెట్టే లీగ్ కావాలి. అవేవీ సొంత ఊళ్లో దొరకవు. అందుకే సౌమ్య కథ మొదటి నుంచీ ఊరు దాటే కథే.

2001లో పుట్టిన సౌమ్య నిజామాబాద్‌లో ఆట నేర్చుకుని జూనియర్ స్థాయిలోనే దేశం తరఫున ఆడింది. ఆమె ఆడేది ఫార్వర్డ్‌గా. ఎక్కువగా వింగ్‌లో, అంటే మైదానం అంచు వెంట బంతి పట్టుకుని దూసుకెళ్లే స్థానంలో. డిఫెండర్‌ను పక్కకు లాగడం, దాటుకుని పోవడం, బాక్స్‌లోకి క్రాస్ వేయడం, వీలైతే తనే లోపలికి తిరిగి షాట్ కొట్టడం.. ఇదీ ఆ పని. వేగం లేకపోతే ఈ ఉద్యోగానికి అప్లికేషన్ కూడా పెట్టుకోలేరు.

క్లబ్ ఫుట్‌బాల్ కోసం ముందు ముంబై వెళ్లింది. అక్కడ కెంక్రే ఎఫ్‌సీ. ఆ తర్వాత కోజికోడ్ కేంద్రంగా ఉండే గోకులం కేరళ. చెప్పాలంటే తండా నుంచి వచ్చిన అమ్మాయికి భాష తెలియని కేరళ కూడా సగం విదేశమే. అన్నం మారుతుంది, మాట మారుతుంది, గ్రౌండ్‌లో కోచ్ అరిచే అరుపు కూడా మారుతుంది. జాగ్రెబ్ ఆ తర్వాతి మెట్టు మాత్రమే.

అసలు మహిళల లీగ్‌లో డబ్బులెంత?

ఈ ప్రశ్న అడక్కుండా సౌమ్య ఎందుకు యూరప్ ట్రయల్స్‌కి వెళ్లిందో అర్థం కాదు.

దేశంలో మహిళల టాప్ లీగ్ పేరు ఇండియన్ విమెన్స్ లీగ్. షార్ట్‌గా ఐడబ్ల్యూఎల్. 2016-17లో మొదలైంది. మొదట్లో ఇది లీగ్ కన్నా టోర్నమెంట్ లాగే నడిచింది. అందరినీ ఒకే ఊరికి రప్పించి, కొన్ని వారాల్లో మ్యాచ్‌లు ముగించి ఇంటికి పంపేవాళ్లు. మిగతా ఏడాదంతా ఏం చేయాలి? సొంతంగా ప్రాక్టీస్ చేసుకోవాలి, లేదా ఇంట్లో కూర్చోవాలి. ఫార్వర్డ్‌కి మ్యాచ్ టైమ్ అంటే పహిల్వాన్‌కి తిండి లాంటిది. అది దొరక్కపోతే కాళ్లలో వేగం ఉన్నా గోల్ ముందు నిర్ణయం ఆలస్యమైపోతుంది.

జీతం సంగతి ఇంకా చిన్నది. టాప్ లీగ్ క్లబ్బులు కనీసం 10 మంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం రూ.3.2 లక్షలు ఇవ్వాలని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య నిర్ణయించింది. 2023-24 సీజన్ నుంచి అమలు. నెలకు చూసుకుంటే దాదాపు రూ.26 వేలు. ఇది కొత్తగా పెట్టిన కనీస హామీ. అంటే అంతకు ముందు ఆ హామీ కూడా లేదన్నమాట! సౌమ్య జాగ్రెబ్ వెళ్లింది ఈ రూల్ రాక ముందు.

గోకులం టైటిల్.. ఆగిపోయిన ఆసియా కప్

2022 సౌమ్యకు మామూలు ఏడాది కాదు. జనవరిలో ఏఎఫ్‌సీ మహిళల ఆసియా కప్. ఆతిథ్యం భారత్‌దే. సొంత గడ్డ మీద టోర్నీ. జనవరి 20న ఇరాన్‌తో మొదటి మ్యాచ్ 0-0. ఆ తర్వాత క్యాంప్‌లో కోవిడ్ పాకింది. జనవరి 23న చైనీస్ తైపీతో మ్యాచ్‌కి 13 మందిని కూడా నిలబెట్టలేని పరిస్థితి. మ్యాచ్ జరగలేదు. రూల్స్ ప్రకారం భారత్ టోర్నీ నుంచే బయటకు వచ్చేసింది. ఏళ్ల తరబడి చేసిన ప్రిపరేషన్ ఒక్క మ్యాచ్‌తో ముగిసింది. ఆ జట్టులో ఉన్న ఏ అమ్మాయికీ అది మర్చిపోయే విషయం కాదు.

నాలుగు నెలల తర్వాత మే 26న గోకులం కేరళ 3-1తో సేతు ఎఫ్‌సీని ఓడించి లీగ్ టైటిల్ నిలబెట్టుకుంది. ఆ జట్టు కోచ్ ఆంథోనీ ఆండ్రూస్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ వేసవిలోనే సౌమ్య ముందు కొత్త తలుపు తెరుచుకుంది. క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్ మహిళల జట్టు కోసం జరిగిన ట్రయల్స్‌లో ఎంపికైన కొద్దిమందిలో సౌమ్య ఒకరు. అక్కడికెళ్లి మళ్లీ పరీక్ష పాసవ్వాలి. పాసయింది. గోకులంలో తనతో పాటు ఆడిన మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ కూడా పాసయింది. ఇద్దరూ 2022-23 సీజన్‌కు కాంట్రాక్ట్ సంతకం చేశారు.

టైమింగ్ చూడండి. అదే ఆగస్టు 15న ఫిఫా భారత ఫుట్‌బాల్ సమాఖ్యపై సస్పెన్షన్ వేసింది. ఏఎఫ్‌సీ క్లబ్ టోర్నీ కోసం తాష్కెంట్ చేరుకున్న గోకులం అమ్మాయిలు ఒక్క మ్యాచ్ ఆడకుండానే వెనక్కి రావాల్సి వచ్చింది. ఆగస్టు 26న సస్పెన్షన్ ఎత్తేశారు కానీ అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆఫీసుల్లో జరిగే గొడవలకు గ్రౌండ్‌లో ఉన్నవాళ్లు మూల్యం కట్టడం అంటే ఇదే.

తాతయ్య పాస్‌పోర్ట్ ఉన్నోడికి ఒక రూటు, లేనోళ్లకు ఇంకో రూటు

ఇక్కడ ఓ అమెరికన్ కుర్రాడి ముచ్చట చెప్పుకోవాలి. క్రిస్టియన్ పులిసిక్. పెన్సిల్వేనియాలో పుట్టిన ఈ ఫార్వర్డ్ 16 ఏళ్లకే జర్మనీ క్లబ్ బొరుసియా డార్ట్‌మండ్‌లో చేరాడు. ఆ తర్వాత చెల్సీతో 2021లో ఛాంపియన్స్ లీగ్ గెలిచి, ఏసీ మిలన్ చేరాడు.

18 ఏళ్లు నిండకుండా ఆటగాళ్లు దేశం మారి క్లబ్‌లో చేరడాన్ని ఫిఫా రూల్స్ ఒప్పుకోవు. యూరోపియన్ యూనియన్ పౌరులకు మాత్రం 16 ఏళ్లకే యూనియన్ లోపల మారే వెసులుబాటు ఉంది. మరి పులిసిక్‌కి ఎలా కుదిరింది? ఆయన తాతది క్రొయేషియా. తాత పుణ్యాన క్రొయేషియా పౌరసత్వం వచ్చింది. క్రొయేషియా 2013లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరింది. అంతే, జర్మనీ తలుపు తెరుచుకుంది. టాలెంట్ లేదని కాదు, బోలెడంత ఉంది. కానీ ఆ రెండేళ్లు ముందుగా దొరకడం పాస్‌పోర్ట్ చలవే.

సౌమ్య వెళ్లింది ఆ క్రొయేషియాకే. కానీ 21 ఏళ్లకు, భారత పాస్‌పోర్ట్‌తో, ట్రయల్స్ దాటుకుని. యూరప్ పిల్లలు ఆ వయసుకు నాలుగైదేళ్ల ప్రొఫెషనల్ ట్రైనింగ్ పూర్తి చేసి ఉంటారు. ఒకే దేశం, రెండు వేర్వేరు గేట్లు.

జాగ్రెబ్‌లో ఏం జరిగింది?

డైనమో జాగ్రెబ్ అంటే పురుషుల ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు. లూకా మోడ్రిచ్ ఎదిగింది అక్కడే. మహిళల లీగ్‌లో మాత్రం ఒసియెక్, స్ప్లిట్ జట్లదే పైచేయి. డైనమో అమ్మాయిలు ఆ రెండింటినీ అందుకోవాలని చూసే జట్టు.

చలికాలం మధ్యలో దేశం కరెన్సీ కూడా మారిపోయింది. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియాలో కూనా పోయి యూరో వచ్చింది. అదే రోజు ఆ దేశం షెంగెన్ వీసా జోన్‌లోనూ చేరింది. అంటే సౌమ్య, జ్యోతి వెళ్లినప్పుడు జేబులో ఉన్న డబ్బు వేరు, సీజన్ ముగిసేటప్పటికి ఉన్న డబ్బు వేరు.

ఆ సీజన్‌లో వార్తల్లోకి ఎక్కింది ఎక్కువగా జ్యోతి. హ్యాట్రిక్ కొట్టి, యూరప్ టాప్ లీగ్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారత క్రీడాకారిణిగా పేరు తెచ్చుకుంది. సౌమ్య పేరు అలా హెడ్‌లైన్లలో మోగలేదు. సీజన్ అయ్యాక స్వదేశానికి వచ్చి మళ్లీ ఐడబ్ల్యూఎల్‌లో ఆడింది.

దీన్ని ఫెయిల్యూర్ అనేద్దామా? తొందరపడొద్దు. ఇదే క్రొయేషియాకు 2021 ఆగస్టులో భారత పురుషుల జట్టు సీనియర్ డిఫెండర్ సందేశ్ జింగన్ వెళ్లాడు. క్లబ్ పేరు షిబెనిక్. గాయాలతో ఒక్క అధికారిక మ్యాచ్ కూడా ఆడకుండానే 2022 జనవరిలో తిరిగొచ్చేశాడు. దేశానికి ఏళ్ల తరబడి ఆడినవాడి పరిస్థితే అది. స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్‌తో 2020 జనవరిలో సంతకం చేసిన మణిపూర్ స్టార్ బాలాదేవి కూడా మొదటి గోల్ కోసం డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె అప్పటికే భారత జట్టులో గోల్స్ మెషిన్!

బెంచ్ మీద కూర్చోవడం ఎలా ఉంటుందో చెప్పడానికి ఇంకో తెలుగు కనెక్షన్ ఉంది. వికాష్ ధొరసూ. మారిషస్ తెలుగు మూలాలున్న కుటుంబం, పుట్టింది ఫ్రాన్స్‌లో. లియాన్, ఏసీ మిలన్, పీఎస్‌జీ లాంటి క్లబ్బులకు ఆడిన మిడ్‌ఫీల్డర్. 2006 ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన ఫ్రాన్స్ జట్టులో జిదాన్ పక్కనే ఉన్నాడు. కానీ గ్రౌండ్‌లో దిగింది కొద్ది నిమిషాలే. ఆ ఎదురుచూపులనే చిన్న కెమెరాతో షూట్ చేసి, దర్శకుడు ఫ్రెడ్ పూలేతో కలిసి సినిమా తీశాడు. పేరు సబ్‌స్టిట్యూట్. ఫిల్మ్‌నగర్‌లో ఎవరైనా స్పోర్ట్స్ బయోపిక్ కథ కోసం వెతుకుతుంటే, గెలిచిన క్లైమాక్స్ లేకుండా కూడా సినిమా తీయొచ్చని ఆయనెప్పుడో చూపించాడు.

తిరిగొచ్చాక అసలు ఆట మొదలు

2024 ఫిబ్రవరిలో టర్కీలోని అలన్యాలో టర్కిష్ విమెన్స్ కప్. భారత్ 2-0తో హాంగ్‌కాంగ్‌ను ఓడించింది. ఒక గోల్ అంజు తమాంగ్‌ది, రెండోది సౌమ్యది. ఆ టోర్నీలో భారత్ రన్నరప్.

తర్వాత 2024-25 సీజన్‌కు ఈస్ట్ బెంగాల్ పెద్ద జట్టును కట్టింది. కోచ్‌గా ఆంథోనీ ఆండ్రూస్‌ను తెచ్చుకుంది. గోకులంకు వరుస టైటిల్స్ తెచ్చిన ఆయనే. ఆశాలతా దేవి, సంగీతా బాస్ఫోర్, అంజు తమాంగ్ లాంటి సీనియర్లు వచ్చారు. సౌమ్య కూడా. లీగ్ కూడా మారిపోయింది. ఎనిమిది జట్లు, సొంత గ్రౌండ్‌లో ఒకసారి, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఒకసారి. ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. వింగ్‌లో ఆడేవాళ్లకు ఇలాంటి సీజన్ కావాలి. ఒక వారం తప్పు చేసినా పై వారం దిద్దుకునే ఛాన్స్ ఉంటుంది.

2025 ఏప్రిల్ 11. పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి స్టేడియం. ఎదురుగా డిఫెండింగ్ ఛాంపియన్ ఒడిశా ఎఫ్‌సీ. గెలిస్తే టైటిల్ చేతిలో ఉన్నట్టే. ఫస్టాఫ్ గోల్ లేదు. సెకండాఫ్‌లో 67వ నిమిషంలో సౌమ్య కొట్టింది. 1-0. మ్యాచ్ అంతే, లీగ్ కూడా అంతే. మరో మ్యాచ్ మిగిలి ఉండగానే ఈస్ట్ బెంగాల్ ఛాంపియన్ అయిపోయింది.

ఈ గోల్ బరువు తెలియాలంటే కోల్‌కతా సంగతి తెలియాలి. ఈస్ట్ బెంగాల్ పురుషుల జట్టు చివరిసారి జాతీయ లీగ్ గెలిచింది 2003-04లో. అప్పటి నుంచి ఎర్ర-పసుపు జెండా పట్టుకున్న అభిమానులు జాతీయ లీగ్ ట్రోఫీ కోసం ఎదురు చూస్తూనే ఉన్నారు. 21 ఏళ్ల ఆ కరువు తీర్చింది మహిళల జట్టు. ఆ రాత్రి తీర్చిన కాలు నిజామాబాద్ అమ్మాయిది.

మే నెలలో భువనేశ్వర్‌లో సమాఖ్య అవార్డుల ఫంక్షన్. పురుషుల్లో మోహన్ బగాన్ కెప్టెన్ సుభాశీష్ బోస్, మహిళల్లో సౌమ్య. దేశంలో ఉత్తమ ఫుట్‌బాలర్లు.

ఈస్ట్ బెంగాల్.. హైదరాబాద్‌కి కొత్తేం కాదు

ఆ జెర్సీ వేసుకున్న మన వాళ్లలో సౌమ్య మొదటిది కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. తర్వాత కెప్టెన్ అయ్యాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన జట్టులో, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆయన ఉన్నాడు. 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ రెండు జట్లకూ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అజయ్ దేవగణ్ మైదాన్ సినిమా చూసినవాళ్లకు పరిచయమే.

రహీమ్ సాబ్ తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ముంబైకి వెళ్లి మరీ గెలిచి రావడం వాళ్లకు అలవాటైపోయింది. అలాంటి నగరానికి ఇప్పుడు టాప్ లీగ్‌లో సొంత జట్టు లేదు. 2022 మార్చి 20న ఐఎస్‌ఎల్ ఛాంపియన్ అయిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మహిళల విషయం ఇంకా దారుణం. సౌమ్య టైటిల్ గెలిచిన ఐడబ్ల్యూఎల్ సీజన్‌లో ఎనిమిది జట్లుంటే అందులో తెలంగాణది గానీ, ఏపీది గానీ ఒక్కటి కూడా లేదు. ఒడిశాకు రెండు ఉన్నాయి, బెంగాల్‌కు రెండు ఉన్నాయి. నిజామాబాద్‌లో ఇంకో సౌమ్య బంతి తన్నుతుంటే ఆమె కూడా రైలెక్కాల్సిందే.

మెస్సీ షోకు టికెట్ కొన్న నగరం ఇదే. ఫుట్‌బాల్ అంటే ఇష్టం లేక కాదు మరి.

చియాంగ్ మాయ్‌లో 13 గోల్స్.. ఇక ఆస్ట్రేలియా

అవార్డు వచ్చిన రెండు నెలలకే భారత జట్టు థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో దిగింది. ఆసియా కప్ క్వాలిఫయర్స్. కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. మొదటి మ్యాచ్‌లో మంగోలియాపై 13-0. ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖా ఒక్కతే ఐదు కొట్టింది. సౌమ్య రెండు కొట్టింది. తర్వాత తైమూర్-లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0.

జులై 5న ఆతిథ్య థాయ్‌లాండ్‌తో ఆఖరి పోరు. ర్యాంకుల్లో థాయ్‌లాండ్ 46, భారత్ 70. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్‌తో భారత్ 2-1తో గెలిచింది. క్వాలిఫయర్స్ ఆడి, గెలిచి, మహిళల జట్టు ఆసియా కప్‌కు వెళ్లడం ఇదే తొలిసారి. 2022లో ఆడింది ఆతిథ్య దేశం హోదాలో. ఈసారి ఎవరి దయా లేదు.

క్లబ్ స్థాయిలోనూ ఈస్ట్ బెంగాల్ ఆసియా గడప తొక్కింది. 2025 ఆగస్టులో నాంపెన్‌లో ప్రిలిమినరీ దశ దాటి, నవంబర్‌లో చైనాలోని వుహాన్‌లో ఏఎఫ్‌సీ మహిళల ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ మ్యాచ్‌లు ఆడింది. ఇరాన్ ఛాంపియన్ బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించింది.

ఇక ఆసియా కప్ విషయానికొస్తే, 2026 మార్చి 1 నుంచి 21 దాకా ఆస్ట్రేలియాలో. పెర్త్, సిడ్నీ, గోల్డ్‌కోస్ట్‌లలో మ్యాచ్‌లు. 2027లో బ్రెజిల్‌లో జరిగే మహిళల ప్రపంచకప్‌కు ఆసియా నుంచి దారి ఈ టోర్నీ మీదుగానే. భారత్‌ది గ్రూప్ సి. మార్చి 4న వియత్నాం, 7న జపాన్, 10న చైనీస్ తైపీ. అవును, నాలుగేళ్ల కిందట నవీ ముంబైలో కోవిడ్ వల్ల ఆడలేకపోయిన ప్రత్యర్థే.